పాత ఓడ సామాన్ల దుకాణం తరలింపు: విశాఖ వన్ టౌన్ కేస్ స్టడీ

విశాఖపట్నం వన్ టౌన్‌లో, కురుపాం మార్కెట్‌కు కూతవేటు దూరంలో, ఒక పాత మేడ కింది అంతస్తులో ముప్పై ఏళ్లకు పైగా నడిచిన ఓడ సామాన్ల దుకాణాన్ని ఖాళీ చేసి మద్దిలపాలెంలోని కొత్త గదులకు చేర్చిన పనిని ఇక్కడ నమోదు చేస్తున్నాను. నేను వృత్తిరీత్యా లోహ వస్తువుల కన్సర్వేటర్‌ని, అంటే పాత వస్తువులు చెడకుండా కాపాడే పని నాది. దుకాణం యజమాని మర్చంట్ నేవీలో సెకండ్ ఇంజినీరుగా పనిచేసి ఒడ్డుకు చేరినవారు. మా నాన్నగారి స్నేహితులు కనుక నాకు బాబాయి గారు. మేడ గోడలు బీటలు వారడంతో ఇంటివారు దాన్ని పడగొట్టి కట్టుకోవాలని నిర్ణయించి ఆరు వారాల గడువు ఇచ్చారు. సామాన్లు తరలించే కంపెనీ మనిషి ఒకడు వచ్చి, అలమరాల మధ్య పక్కకు తిరిగి నడిచి చూసుకుని, దారిలో పగిలితే తమ పూచీ లేదని ముందే సంతకం పెట్టమన్నాడు. ఆ సాయంత్రమే బాబాయి గారు తన స్నేహితులకు ఫోన్లు చేశారు. చివరి ఫోను నాకు.

మొత్తం తొమ్మిది మందిమి పోగయ్యాం: షిప్‌యార్డులో ఫిట్టరుగా రిటైరైన ఒకాయన, పోర్టులో కలాసీగా పనిచేసిన ఒకాయన, లెక్కల మాస్టారు, బ్యాంకులో పనిచేసే ఆవిడ, ఆవిడ భర్త, ఇద్దరు ఇంజినీరింగ్ కుర్రాళ్లు, బాబాయి గారు, నేను. నేను తప్ప వీరిలో ఎవరికీ పురావస్తువులను ప్యాక్ చేసిన అనుభవం లేదు. అనుభవం లేకపోవడం కంటే, వీరందరూ ఆత్మీయులు కావడమే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. కూలికి వచ్చినవాడు ఏం చేయమంటారని అడుగుతాడు, ఆపమంటే ఆపుతాడు. స్నేహితుడు అడగడు, మనకు శ్రమ ఎందుకని తనే చేసేస్తాడు, పైగా తప్పు చేస్తే మందలించడానికి మనకు నోరు రాదు. అందువల్ల ప్యాక్ చేసే చేతికి నిర్ణయం తీసుకునే అవసరం ఒక్కటి కూడా మిగలకూడదని, ఏది ఎలా పట్టుకోవాలో, దేనితో చుట్టాలో, ఎవరు మోయాలో ముందే తేల్చి వస్తువుకు కట్టి ఉంచాలని అనుకున్నాను. ఆ నియమం నిలిచిన చోట పని సాఫీగా సాగింది, నేను దాన్ని వదిలేసిన చోట నష్టం జరిగింది.

సరుకు స్వభావం

దుకాణంలోని సరుకులో ఎక్కువ భాగం గుజరాత్‌లోని భావనగర్ జిల్లా అలంగ్ నుంచి వచ్చినది. 1983 నుంచి అక్కడి సముద్రతీరంలో ఆయుష్షు తీరిన ఓడలను పోటు మీద ఒడ్డుకు ఎక్కించి విడగొడుతున్నారు. వాటిలోంచి తీసిన కుర్చీలు, దీపాలు, గడియారాలు, పడవ తెడ్లు ఊరి బయటి రోడ్డు పొడవునా దుకాణాల్లో అమ్ముతారు. బాబాయి గారు ఏడాదికి రెండు సార్లు అక్కడికి వెళ్లి ఏరుకొచ్చేవారు. ఇది కాక విశాఖలోనే కొన్నవీ ఉన్నాయి. గల్లాపెట్టె పైన, స్వతంత్ర భారతంలో కట్టిన తొలి స్టీమరు ‘జల ఉష’ 1948 మార్చిలో విశాఖలోని సిందియా ఓడల యార్డు నుంచి నీటిలోకి దిగుతున్న ఫోటో వేలాడుతుండేది. అది అమ్మకానికి కాదు. అన్నిటికంటే ముందు ప్యాక్ చేసినది దాన్నే, ఆయన మనసు కుదుటపడుతుందని.

సరుకు పుస్తకంలో 412 వస్తువులు ఉన్నాయి. మేము లెక్కపెట్టినప్పుడు 803 ముక్కలు తేలాయి. ఈ తేడాలోనే అసలు సమస్య ఉంది. సూర్యుడి, నక్షత్రాల ఎత్తు కొలిచి ఓడ ఎక్కడుందో తెలుసుకునే సెక్స్‌టెంట్ అంటే పుస్తకంలో ఒక పద్దు. చేతికి వచ్చేసరికి అది పరికరం, చెక్కపెట్టె, రెండు దూరదర్శిని గొట్టాలు, అద్దాలను సరిచేసే చిన్న తాళంచెవి, పెట్టె మూత లోపల అతికించిన తనిఖీ పత్రం. ఇలాంటి పరికరాలను పరీక్షించిన ఇంగ్లండులోని క్యూ అబ్జర్వేటరీ ఇచ్చిన పత్రం మీది సంఖ్య, పరికరం మీది సంఖ్య ఒకటే అయితే ఆ వస్తువుకు ఒక ధర. పెట్టె మారితే దానికి సగం ధర కూడా పలకదు. ఇలాంటి దుకాణం మారేటప్పుడు పగిలిపోయేవాటి కంటే విడిపోయేవి ఎక్కువ, అతికించవచ్చు గానీ తప్పిపోయిన జతను వెతికి పట్టడం చాలా కష్టం.

మొదటి రెండు వారాలు ఏ ఒక్క వస్తువునూ కదపలేదు. ఒక వస్తువుకు చెందిన ముక్కలన్నిటికీ ఒకే సంఖ్య, పక్కన అక్షరం వేసి, తెల్ల నూలు టేపు మీద మెత్తటి పెన్సిలుతో రాసి కట్టాం. బాల్ పెన్ను వాడవద్దన్నాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీదుగా తీరం దాటినప్పుడు ఈ దుకాణంలోకి నీళ్లు దిగి, సిరాతో రాసిన చీటీలు కొట్టుకుపోయి, దాదాపు నలభై వస్తువులు ఎక్కడివో చెప్పే ఆధారం అప్పుడే పోయింది. పెన్సిలు రాత నీటికి చెదరదు. ప్రతి అలమరానూ తాకకముందే ఫోటో తీశాం. కుర్రాళ్లలో ఒకరు బాబాయి గారి వెంట ఫోను పట్టుకుని తిరుగుతూ, ఒక్కో వస్తువు గురించి ఆయన చెప్పింది రికార్డు చేశాడు. "ఇది ఫలానా ఓడది" అని ఆయన అన్నప్పుడల్లా, కళ్లారా చూశారా, అమ్మినవాడు చెప్పాడా అని అడిగి ఆ తేడా కూడా రాయించాను. ఆయనకు అది నచ్చలేదు. రెండో రోజుకు అలవాటుపడ్డారు.

అసలు, నకిలీ అన్న విభజన కూడా అప్పుడే జరిగింది. మార్కెట్‌లో ఓడ వస్తువుల పేరుతో తిరిగే ఇత్తడి సామానులో చాలా భాగం రూర్కీ, మొరాదాబాద్ కార్ఖానాల్లో అలంకారానికి తయారైనదే. అందులో తప్పేమీ లేదు, అలాగని చెప్పి అమ్మితే. మా ముందుకు వచ్చిన ఒక సెక్స్‌టెంట్ మీద ‘కెల్విన్ అండ్ హ్యూస్, లండన్, 1917’ అని చెక్కి ఉంది. ఆ రెండు సంస్థలూ కలిసి ఆ పేరు పెట్టుకున్నది 1947లో. ముప్పై ఏళ్ల ముందే ఆ ముద్ర పడే అవకాశం లేదు. ఇలాంటివి 96 తేలాయి. వాటికి పసుపు చీటీ కట్టి, మామూలు అట్టపెట్టెల్లో సర్దే పనిని మాస్టారికీ, బ్యాంకు ఆవిడ భర్తకూ అప్పగించాను. దానివల్ల వారికి చేయి అలవాటైంది, నాకు అసలైన వాటి మీద సమయం చిక్కింది. వందేళ్లు దాటిన వాటికి వేరే జాబితా రాశాం. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం అలాంటి వాటితో వ్యాపారానికి లైసెన్సు ఉండాలి గనుక, చిరునామా మారుతున్న సంగతి అధికారికి తెలియజేస్తూ బాబాయి గారి చేత కదలకముందే ఉత్తరం రాయించాను.

ప్రమాదకరమైనవి

ఓడ సామాన్లంటే అందరికీ బరువు గుర్తొస్తుంది. నాకు పాదరసం గుర్తొస్తుంది. దుకాణంలో గాలి ఒత్తిడిని కొలిచే పాదరసపు బారోమీటర్లు రెండు ఉన్నాయి. ఓడ ఊగినప్పుడు పాదరసం ఎగిసిపడకుండా ఈ రకం గొట్టాన్ని మధ్యలో వెంట్రుకంత సన్నం చేస్తారు. గోడ మీద నిలువుగా ఉన్నప్పుడు పాదరసం సుమారు 76 సెంటీమీటర్ల ఎత్తున నిలబడి, పైన ఖాళీ ఉంటుంది. అలాగే నిలువుగా పట్టుకుని నడిస్తే ప్రతి అడుగుకూ ఆ పాదరసం గాజు కొసను సుత్తిలా కొడుతుంది, నీటికంటే 13.6 రెట్లు బరువైన ద్రవం అది. కాబట్టి మొదట గోడ మీదే మెల్లమెల్లగా ఏటవాలుగా వంచాలి. సన్నటి దారి గుండా పాదరసం ఎక్కడానికి చాలాసేపు పడుతుంది. కొసకు తాకినప్పుడు ‘టిక్’ మని ఒక పొడి చప్పుడు వినిపిస్తుంది. చప్పుడు మందంగా ఉంటే లోపలికి గాలి చేరిందని అర్థం. మొదటిది స్పష్టంగా పలికింది, రెండోది మూగగా అంది. తర్వాత అడుగుభాగం పైకి వచ్చేలా పూర్తిగా తలకిందులు చేసి, అదే స్థితిలో చివరిదాకా మోయాలి. మాస్టారు, బ్యాంకు ఆవిడ ఈ పనికి కుదిరారు. ముట్టుకునే ముందు ఆవిడ చేతి గాజులు, ఉంగరం, మాస్టారి పెళ్లి ఉంగరం తీయించి బాబాయి గారి బీరువాలో పెట్టించాను. పాదరసం ఒక్క బొట్టు తగిలినా బంగారాన్ని పట్టుకుని తెల్లగా మార్చేస్తుంది. ఆవిడ గాజులు తీయడానికి మొదట ఒప్పుకోలేదు. కారణం చెప్పాక మాత్రం ఆవిడే అందరి చేతులూ తనిఖీ చేశారు. కారు వెనుక సీటులో ఇద్దరి మధ్య తలకిందులుగా నిలిపి, ఒక్కోదాన్నీ ఒక్కో విడతలో చేరవేశారు. గంధకం పొడి, గట్టి అట్టముక్కలు, బిగుతు మూత సీసా కారులోనే ఉంచాం. ఒలికితే చీపురు గానీ వాక్యూమ్ క్లీనర్ గానీ దగ్గరకు రానీయవద్దని చెప్పాను, ఆ రెండూ దాన్ని గాలిలోకి లేపుతాయి. అవసరం పడలేదు.

చీకట్లో కనబడేందుకు అంకెలకు రేడియం పూత పూసిన పరికరాలు ఆరు కనిపించాయి. 1960ల దాకా ఈ పూత వాడుకలో ఉండేది. ఇప్పుడు ఆ అంకెలు గోధుమ రంగుకు తిరిగి వెలగడం మానేశాయి గనుక, విషం చచ్చిందని చాలామంది అనుకుంటారు. వెలుగు పోయింది పూతలో వెలిగే పదార్థమైన జింక్ సల్ఫైడ్ అరిగిపోవడం వల్ల. రేడియం సగం తరగడానికి 1600 ఏళ్లు పడుతుంది. అద్దం విప్పనంత వరకు, పొడి పీల్చనంత వరకు పెద్ద భయం లేదు. ఆ ఆరింటినీ విడివిడిగా మూత సంచుల్లో పెట్టి, ఒకే పెట్టెలో సర్ది, కొత్త చోట గాలి ఆడే గదిలో ఉంచాం. ఒక లైఫ్‌బోటు పెట్టె అడుగున ఆపదలో సంకేతంగా వెలిగించే చేతి ఫ్లేర్లు రెండు, గడువు తీరినవి, బయటపడ్డాయి. వాటిని మేము ముట్టుకోలేదు. ఆ గది తలుపు వేసి, ఫైర్ సిబ్బందికి కబురు చేసి, వారు తీసుకెళ్లేదాకా ఆ రోజు పని ఆపేశాం.

చుట్టడం, విప్పడం

ఇత్తడిని వార్తాపత్రికలో చుట్టకూడదు. ప్లాస్టిక్ బుడగల కాగితాన్ని నేరుగా చుడితే విశాఖ ఉక్కపోతకు లోపల చెమట పట్టి రెండు రోజుల్లో పచ్చటి మచ్చలు లేస్తాయి. ముందు నూలు బట్ట, దాని మీద బుడగల కాగితం. తొమ్మిది ఇళ్ల నుంచీ పాత పంచెలు, చీరలు, దుప్పట్లు వచ్చాయి. గంజి పెట్టినవాటిని వెనక్కి పంపి, వేడినీళ్లలో రెండుసార్లు ఉతికించి తెప్పించాను; గంజి తేమనూ పురుగునూ పిలుస్తుంది.

ఓడను నడిపే గది (బ్రిడ్జి) నుంచి ఇంజిన్ గదికి ఆజ్ఞలు పంపే టెలిగ్రాఫ్ దుకాణంలో అన్నిటికంటే బరువైనది. దాని ముఖం మీద ‘ఫుల్ ఎహెడ్’ నుంచి ‘ఫినిష్డ్ విత్ ఇంజిన్స్’ దాకా మాటలు ఉంటాయి. దాన్ని నిలువుగా గుమ్మం దాటించలేం, తల విప్పాలి. ఫిట్టర్ గారు ముందురోజు రాత్రే మరల సందుల్లో కిరోసిన్ చుక్కలు వేసి ఉంచారు. తెల్లారి అట్టముక్క మీద టెలిగ్రాఫ్ ముఖం బొమ్మ గీసి, విప్పిన ప్రతి మరనూ బొమ్మలో దాని చోటనే గుచ్చుతూ వెళ్లారు. పాత మరలు చూపుకు ఒకేలా ఉన్నా ఒకదాని రంధ్రంలో మరొకటి సరిగా కూర్చోదు. నా పద్ధతిలో మరలను సంఖ్య వేసిన చిన్న సంచుల్లో పెడతాం. ఆయనది నా దానికంటే మేలు. ఆ రోజు నుంచి నేనూ అదే చేస్తున్నాను.

దిక్సూచి నిలిపే బినాకిల్ వంతు కలాసీ గారిది. టేకు స్తంభం, పైన ఇత్తడి టోపీ, ఇరుపక్కలా తలకాయంత ఇనుప గుండ్లు. బరువంతా పైనే ఉంటుంది గనుక వంగితే ఆగదు. దిక్సూచి గిన్నెను, గుండ్లను విడిగా తీసి, గుండ్లు ఉన్న చోటును బ్రాకెట్ మీద టేపుతో గుర్తుపెట్టాం. ఆయన మూడు గుండ్రటి కర్రలు పరిచి, స్తంభానికి మోకు వేసి, కుర్రాళ్ల చేతికి కొస ఇచ్చి, తను మాత్రం దాన్ని ముట్టుకోకుండా ఎదురుగా నిలబడి పిలుపు అందుకున్నారు. "హైలెస్సా" అంటే లాగాలి, పిలుపు ఆగితే చేయి ఆగాలి. మెట్టు దగ్గర ఒక కుర్రాడు పిలుపు లేకుండానే ఇంకో లాగు లాగబోతే, "ఏటి తొందర బాబూ, ఓడేటి ఎల్లిపోతందా?" అన్నారు. ఆ తర్వాత ఎవరూ ముందుకు లాగలేదు.

జరిగిన తప్పులు

మొదటిది అయస్కాంతాల సంగతి. బినాకిల్ కడుపులో, ఓడ ఇనుము వల్ల దిక్సూచికి వచ్చే తేడాను సరిచేసే అయస్కాంత కడ్డీలు ఉంటాయి. వాటికి సంఖ్యలు కట్టాం గానీ, దేనికి దూరంగా ఉంచాలో చీటీ మీద రాయలేదు. సందులు వెతికి సర్దే చేయి గల ఒక కుర్రాడు వాటిని బట్టలో చుట్టి, ఓడలో కచ్చితమైన సమయం చూపే గడియారమైన క్రోనోమీటర్ పెట్టె పక్కన ఖాళీ ఉందని అందులో దోపాడు. క్రోనోమీటర్‌ను నేనే సిద్ధం చేశాను: దానంతట అది ఆగిపోయేదాకా ఉంచి, బ్యాలెన్స్ చక్రం కింద పలుచటి బెండు ముక్కలు దోపి, ఓడ ఊగినా గడియారాన్ని సమంగా నిలిపే జింబల్ కడియాలను బిగించి ఉంచాను. ఇంత చేసిన దాని పక్కన అయస్కాంతం! ఉక్కు తీగచుట్టకు అయస్కాంతం పడితే గడియారం నడక చెడుతుంది. సాయంత్రం లెక్క చూస్తున్నప్పుడు పెట్టె దగ్గరకు తెచ్చిన జేబు దిక్సూచి ముల్లు తిరగడంతో బయటపడింది. కడ్డీలు తీశాక మళ్లీ ముల్లు పెట్టి చూస్తే కదల్లేదు. రెండు గంటల్లో దొరికింది గనుక బతికిపోయాం. మర్నాడు అన్ని చీటీలకూ వెనుకవైపు ‘దేనికి దూరం’ అన్న వరుస చేర్చాం.

రెండోది చింతపండు. ప్యాకింగ్‌లో సాయానికి ఒక పెద్ద గంటను తన ఇంటికి తీసుకెళ్లిన స్నేహితుడింట్లో, వారి అమ్మగారు అది మురికిగా ఉందని చింతపండు, ఉప్పు వేసి రాత్రికి రాత్రే తళతళలాడేలా తోమి పంపారు. ఓడ పేరు చెక్కిన అక్షరాల్లో నల్లటి మైనం నింపి ఉండేది. అదీ పోయింది, దశాబ్దాల పాటు పట్టిన ముదురు పొరా పోయింది. ఆవిడ సంతోషంగా "బాగుందా నాయనా?" అని అడిగితే బాగుందనే అన్నాను. గంట దుకాణం దాటకూడదని చీటీ మీద రాయనిది నేను.

మూడోది పూర్తిగా నాది. ఓడకు ఇరుపక్కలా పెట్టే ఎడమ ఎర్రదీపం, కుడి పచ్చదీపం జతగా ఉండేవి, ఒక్కోటి 112.5 డిగ్రీల మేర వెలుగు చూపేలా కోసిన మందపాటి గాజులు వాటికి. గాజును దీపంలోంచి తీసి వేరుగా చుట్టాలి. ఆలస్యమవుతోందని దీపంతోనే కలిపి చుట్టించాను. వాన్ గుంతలో పడ్డ చోట పచ్చగాజు నిలువునా చీలింది. ఆ రంగు, ఆ వంపు ఉన్న గాజు ఇంకా దొరకలేదు.

చేర్చిన తీరు, ప్రస్తుత స్థితి

వన్ టౌన్ సందుల్లోకి పెద్ద వాన్ రాదు. రెండు వరుస ఆదివారాలు తెల్లవారుజామున, బజారు తెరవకముందే, తోపుడు బండి మీద మెయిన్ రోడ్డు దాకా తెచ్చి అక్కడ ఎక్కించాం. బండి పక్కన ఒకరు నడవాలి, వాన్ దగ్గర ఒకరు జాబితా పట్టుకుని నిలబడాలి. టిక్ పడని పెట్టె లోపలికి వెళ్లకూడదు. కొత్త చోట దించేటప్పుడు మరో టిక్. ఈ రెండు టిక్కుల మధ్య ఒక్క పెట్టె కూడా తప్పిపోలేదు.

803 ముక్కల్లో దెబ్బతిన్నవి నాలుగు: పచ్చగాజు, ఒక దీపపు చిమ్నీ, ఒక సెక్స్‌టెంట్ పెట్టె బందు, తోమిన గంట. బారోమీటర్లను కొత్త గోడకు తగిలించి, మళ్లీ అంతే మెల్లగా నిలువు చేసి, ఒక రోజంతా కదపకుండా వదిలేశాం. మొదటిది ఇప్పుడు సరిగా చదువుతోంది. మూగగా పలికినది నిలువు చేశాక కూడా తక్కువే చూపుతోంది, దాన్ని మరమ్మతు చేసేవారి కోసం చూస్తున్నాం. క్రోనోమీటర్‌లోని బెండు ముక్కలు తీసి, తాళమిచ్చి, గిన్నెను చటుక్కున చిన్నగా తిప్పితే అది నడక అందుకుంది; వాచీలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గర నెల రోజులు పరీక్షలో ఉంచాం.

పాత దుకాణం నేల ఊడ్చినప్పుడు, అలమరాల వెనుక, చెక్కపలకల సందుల్లో ఏ సంఖ్యకూ చెందని ఏడు ఇత్తడి ముక్కలు దొరికాయి: ఒక తాళంచెవి, రెండు మరలు, ఒక చిన్న మూత, ఒక కొక్కెం, ఒక గొట్టం ముక్క, ఎవరికీ అంతుబట్టని వంపు తిరిగిన ఒక రేకు. వాటిని ఒక పళ్లెంలో పోసి కొత్త దుకాణం గల్లాపెట్టె పక్కన పెట్టాం. ఫిట్టర్ గారు ఆదివారాలు వచ్చి, టీ తాగుతూ, ఒక్కో ముక్కనూ ఒక్కో పరికరానికి పెట్టి చూస్తుంటారు. ఇప్పటికి మూత, కొక్కెం వాటి చోట్లకు చేరాయి.